పేరు ఇస్తుంది

జులై 6, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాను, ఫోను. చీపురుపల్లి ల్యాబులో పనిచేసే ధనలక్ష్మి. ఇవాళ వాళ్లు కోటబొమ్మాళిలో కిడ్నీ పరీక్షల క్యాంపు పెట్టి మా కంపెనీ మెషీన్ పట్టుకెళ్లేరట. జగ్గమ్మ అన్న పేరు మీద రెండు రిపోర్టులు వచ్చేయట. ఒకదాంట్లో క్రియాటినిన్ 6.2, రెండోదాంట్లో 0.8. ఏది నమ్మాలి మేడమ్ అని అడుగుతోంది. ఒకటి దాటితేనే డాక్టర్లు మొహం ముడుస్తారు, ఆరంటే కిడ్నీలు పడకేసినట్టే. నర్సు కడుపున పుట్టేను కాబట్టి ఆ మాత్రం నాకూ తెలుసు.

అదే రక్తం రెండుసార్లు పెట్టేసి ఉంటారు, మొదటిది ఉంచండి, రెండోది చింపేయండి అని చెప్పేను. ఆవిడ ఇంకా ఏదో అనబోయింది. ఈలోగా అమ్మ రొయ్యల కూర తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ మెషీన్‌లోకి నా కోడ్ ఎక్కి నాలుగేళ్లయింది. ఒక్క పేరు తప్పు రాయలేదు. తప్పులు రాసేవాళ్లు మనుషులు.

జులై 7, సోమవారం

క్యాంపు బ్రహ్మాండంగా జరిగిందని మా బాసు మురళీమోహన్ గారు ఫేస్‌బుక్‌లో పెట్టేరు. అరవై మందికి పరీక్షలు, అన్నీ "విజయనగరంలో పుట్టిన టెక్నాలజీ"తో. టెక్నాలజీ అంటే ఏమిటనుకున్నారో జనం. రక్తం ట్యూబు మీది గీతలు చదివి, పేరు వెతికి, ఫలితం వచ్చేక రెండూ కలిపి కాగితం మీద కొట్టే ఒక పెట్టె. పేరు వెతికే ముక్క నేను రాసేను. కాగితం మీద కొట్టే ముక్క ఆయన రాసేరు. గంటస్తంభం దగ్గర చెప్పుల షాపు మేడ మీద రెండు గదులు, ఇద్దరు మనుషులం, బోర్డు మీద మాత్రం "ఇంటర్నేషనల్".

జులై 8

వాన. ఏమీ లేదు.

జులై 14, సోమవారం

జగ్గమ్మ అల్లుడు ఆవిణ్ణి విశాఖపట్నం తీసుకెళ్లి మళ్లీ పరీక్ష చేయించేడట. 0.8. నిక్షేపంలా ఉందట. నిక్షేపంలా ఉన్న మనిషికి ఎనిమిది రోజులు చావు కబురు చెప్పి కూర్చోబెట్టేరని, ఇవాళ వాళ్లంతా ల్యాబు మీద పడి అరిచేరట. ల్యాబు ఓనరు మురళీమోహన్ గారి మీద పడ్డాడు. ఈయన నా మీద పడ్డారు.

"షాలినీ, ఒక లెటర్ రాసి సంతకం పెట్టు. టెక్నికల్‌గా ఉండాలి. వాళ్లకి అర్థం కాకూడదు, మనకి నష్టం కాకూడదు."

రాసేను. "మా సాఫ్ట్‌వేర్‌లో పేర్లు తారుమారయ్యే అవకాశం సాంకేతికంగా లేదు." సాంకేతికంగా అన్న మాట నాకు భలే ఇష్టం. దాని వెనకాల ఊరు ఊరంతా దాక్కోవచ్చు.

జులై 16, బుధవారం

ధనలక్ష్మిని ఉద్యోగంలోంచి తీసేసేరట. నా లెటర్ ఆవిడ ముందు పెట్టి చదివి మరీ తీసేసేరట. పాపం. కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది.

జులై 17, గురువారం

ధనలక్ష్మి రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. మీటింగులో ఉన్నాను. (మీటింగులో నేను, కాఫీ.)

తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. నేను చింపమన్న కాగితం. చింపింది, కానీ ముక్కలు పారెయ్యలేదు. టేపు అంటించింది. దాని పక్కనే, జగ్గమ్మకి ఇచ్చేముందు తీసుకున్న మొదటి కాగితం జెరాక్సు. రెండింటి అడుగునా చీమతలంత అంకెలు. ఒకదాని మీద 41, రెండోదాని మీద 42.

కింద మెసేజి: "నెంబర్లు వేరుగా ఉన్నాయని ఆరోజే సెప్పినాను మేడమ్."

చెప్పలేదు. చెప్పి ఉంటే నేను వినేదాన్ని.

జులై 18

చెప్పింది.

జులై 19, శనివారం

మురళీమోహన్ గారు ఆఫీసుకి రాని రోజు చూసుకుని మెషీన్ ముందు కూర్చున్నాను. ఒక ట్యూబు గీతలు చదివించి, కాగితం వచ్చేదాకా ఆగి, తర్వాత రెండోది పెట్టేను. పేర్లు సరిగ్గా వచ్చేయి. ఇరవైసార్లు చేసేను, ఇరవైసార్లూ సరిగ్గా వచ్చేయి. ఇంక ఇంటికి వెళ్లిపోదాం అనుకున్నాను. నిజంగా బ్యాగు కూడా తగిలించుకున్నాను.

మళ్లీ కూర్చుని, మొదటి కాగితం రాకముందే రెండో ట్యూబు చదివించేను.

రెండు కాగితాల మీదా రెండో పేరే.

ల్యాబులో ఎప్పుడూ ఒక్కొక్కటే పెడతారు. క్యాంపులో అరవై మంది, మధ్యాహ్నం భోజనాల వేళ, ఎండలో వరస. ధనలక్ష్మి తొందరపడి ఒకటి పూర్తవకముందే ఇంకోటి పెట్టింది. పెట్టకూడదని ఎక్కడైనా రాసి ఉందా? లేదు. రాయాల్సింది ఎవరు? అదే చూస్తున్నాను.

జులై 20, ఆదివారం

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం, సంస్కారం తీసుకున్నాను. ఎవర్ని వాళ్లు పరీక్షించుకోండి అన్నారు పాస్టరు గారు. నేను మెషీన్‌ని పరీక్షించేను, చాలదా.

జులై 21, సోమవారం

మురళీమోహన్ గారికి చూపించేను. ఆయన ముందు మెషీన్ కేసి చూసేరు, తర్వాత తలుపు కేసి చూసేరు, తలుపు వేసి వచ్చేరు.

"తప్పు నీ ముక్కలో ఉంది," అన్నారు.

"మీ ముక్కలో ఉంది. నేను ఇచ్చింది పేరు కాదు, పేరు ఎక్కడుందో చెప్పే చిరునామా. మీరు అప్పటికప్పుడు కాపీ చేసుకోవాలి. కాపీ చేసుకోకుండా చిరునామా జేబులో పెట్టుకుని కూర్చుంటే, ఆ ఇంట్లోకి ఇంకోళ్లు దిగేరు."

"ఇంట్లోకి ఇంకోళ్లని దింపింది ఎవరు? ఒక్క గదంత బఫర్ పెట్టి అన్ని పేర్లూ అందులోనే రాసింది నువ్వు కాదూ?"

"కాపీ చేసుకోవాలని సీ భాషలో కోడ్ రాసే ప్రతివాళ్లకీ తెలుసు."

"నాకెక్కడ చెప్పేవో చూపించు."

ఏ ముక్క ఏం చేస్తుందో రాసిపెట్టే హెడర్ ఫైలు తెరిచేరు. ఇద్దరం స్క్రీను మీదకి వంగేం. పేరు వెతికే ఫంక్షన్ నెత్తి మీద, చదివేవాళ్ల కోసం రాసిన కామెంటు ఉంది. నాదే. నాలుగేళ్ల క్రితంది. రెండే మాటలు.

పేరు ఇస్తుంది.

అబద్ధం లేదు. ఇస్తుంది. ఎవరి చోటులో పెట్టి ఇస్తుంది, ఎంతసేపు ఉంటుంది, తర్వాత దాన్ని ఎవరు వదిలించుకోవాలి, ఒక్క ముక్క లేదు. శుభలేఖ మీద "పెళ్లి జరుగును" అని మాత్రం వేయించి ఊరూ ముహూర్తం మర్చిపోయినట్టు.

"సరే, ఇద్దరిదీ అనుకుందాం," అన్నారాయన చాలా ఉదారంగా. "ఇద్దరిదీ అయినప్పుడు బయటికి చెప్పక్కర్లేదు. గుట్టుగా సరిచేసేద్దాం. ఆ అమ్మాయికి ఇంకో ల్యాబులో ఎక్కడో ఒక చోట దొరుకుతుంది."

నేను ఏమన్నాను? ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టేను. ఆ మొహం నాకు బాగా వచ్చు.

జులై 22

చాలా పని.

జులై 23, బుధవారం

చాలా పని. మొన్న రాత్రికి రాత్రి అనుకున్న మందు ఏమిటంటే, అడిగిన ప్రతిసారీ పేరుకి మెమరీలో కొత్త చోటు తీసి ఇవ్వడం. తీసుకున్నవాళ్లు పనయ్యేక వెనక్కి వదిలెయ్యాలి. ఈసారి కామెంటు కూడా రాసేను, నాలుగు లైన్లు, పెద్ద అక్షరాల్లో. మురళీమోహన్ గారు చదవలేదు. వదిలెయ్యలేదు. ఉత్తుత్తి ట్యూబులతో ఒక రోజంతా తిప్పేసరికి మెమరీ నిండిపోయి పెట్టె బిగుసుకుపోయింది. చదవమని చెప్తే, ఈసారి ఒక్కో చోటునీ రెండేసిసార్లు వదిలేసేరు. పెట్టె ఏకంగా చచ్చింది.

ధనలక్ష్మికి ఫోను చెయ్యాలి. ముందు మెషీన్ సరయ్యేక చేస్తే బాగుంటుంది.

జులై 24, గురువారం

అమ్మ అన్నం దగ్గర అడిగింది. మూడు రోజులై సరిగ్గా తినటం లేదు, ఏటయ్యింది అని. చెప్పేను. బఫరూ అదీ కాదు, మనుషుల సంగతి. జగ్గమ్మకి తప్పు కాగితం వెళ్లింది, ఆవిడకి ఏమీ లేదని తేలిపోయింది, దేవుడి దయ, ఉద్యోగం ఒకటి పోయింది, అదే బాధ అన్నాను.

అమ్మ ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఒకే రక్తం రెండుసార్లు పెడితే ఓసారి ఆరూ ఓసారి సున్నా వస్తాదేటే? ఆ రోజు నా ముందే ఫోన్లో సెప్పేవు గదా, ఆ మాత్రం తట్టలేదా నీకు?"

"ఇప్పుడు తెలిసింది కదమ్మా."

"ఏటి తెలిసింది? ఆ ఆరు పాయింటు రెండు ఎవలిది?"

నేను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను.

"జగ్గమ్మది కాదు. బాగున్నాది. మరి ఎవలిదో రక్తం గదా అది. నీళ్లు కాదు గదా. ఆడెవడో, అదెవతో, తనకేటీ లేదనుకుని తిరుగుతన్నాది. పద్దెనిమిది రోజులయ్యింది. నువ్వు మెషీన్ బాగు సేస్తన్నావు."

పద్దెనిమిది రోజుల్లో నేను తప్పు ఎవరిదని అడిగేను, కామెంటు ఎవరిదని అడిగేను, కాపీ ఎవరు చెయ్యాలని అడిగేను. ఆ రక్తం ఎవరిదని అడగలేదు.

జులై 25, శుక్రవారం

మెషీన్ తను చేసిన ప్రతి పనీ రాసుకునే లాగ్ తీసి చూసేను. ఆ రోజు తొందరలో మూడుసార్లు అలా జరిగింది. రెండు జతల్లో అందరివీ మామూలు అంకెలే, పేరు మారినా ప్రాణానికి ఏమీ కాలేదు. మూడో జత 41, 42.

41: అప్పలసూరి, ముప్పై తొమ్మిదేళ్లు, కోటబొమ్మాళి దగ్గర పల్లె. అతని పేరు మీద కాగితం రాలేదు కాబట్టి, శాంపిల్ పాడయ్యింది మళ్లీ ఇవ్వాలి అని చెప్పి పంపేసేరు. మళ్లీ ఇవ్వలేదు. ఎందుకిస్తాడు?

ఫోను స్విచాఫ్. పదకొండుసార్లు చేసేను.

జులై 26, శనివారం

పొద్దున్న ప్యాసింజరు ఎక్కి చీపురుపల్లిలో దిగేను. ధనలక్ష్మి ఇల్లు అడుక్కుంటూ వెళ్లేను. ఆవిడ గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నాకంటే పెద్దది, నలభై ఉంటాయి. నాలుగేళ్లుగా ఫోన్లో మాట్లాడుతున్నాను, మొహం చూడటం ఇదే. నన్ను చూసి లేవలేదు.

"నేను షాలినిని అండీ. ఆ లెటర్ రాసింది..."

"సంతకం సూసినాను. శానా బాగుంటాది మీ సంతకం."

నిలబడే చెప్పేను. మెషీన్‌దే తప్పు, మెషీన్‌దంటే నాదే అని. ఎలాగ అని అడిగింది. పాయింటర్లూ బఫర్లూ అని మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి ఆపేసేను.

"నా దగ్గర ఒకటే పలక ఉందనుకోండి. నలభై ఒకటి పేరేంటి అని ప్రింటరు అడిగితే పలక మీద రాసి, అదిగో అక్కడుంది చూసుకో అన్నాను. ప్రింటరు చూసుకునేలోగా మీరు నలభై రెండు పెట్టేరు. నేను పలక తుడిచేసి జగ్గమ్మ అని రాసేను. ప్రింటరు తీరిగ్గా వచ్చి చూసింది."

ఆవిడ రాయి ఒకటి ఏరి బయటికి విసిరింది.

"పలక తుడిచీముందు ఎవలైనా సదువుకున్నారా అని అడగరేటండి?"

"అడగాలి. అడగలేదు."

"నాను ఆరో తారీకున సెప్పిన నెంబర్ల ముక్క మీకు ఇనపడలేదా?"

"వినపడింది."

మళ్లీ బియ్యంలోకి వంగింది. నేను అప్పలసూరి సంగతి చెప్పేను. అప్పుడు చేట పక్కన పెట్టి లేచింది.

"ఆ సన్నపు మనిసి. నరం దొరక్క రెండుసార్లు గుచ్చినాను. ఆడికా ఆరు?" చెప్పులు వేసుకుంది. "మీ మీద కోపం ఎక్కడికీ పోదు, వచ్చినాక సూసుకుందాం. బండి టైమయిపోతాది, నడండి."

కోటబొమ్మాళిలో దిగి ముందు జగ్గమ్మ ఇంటికి వెళ్లేం, దారిలోనే. ఆ 6.2 కాగితం ఆవిడ దగ్గరే ఉంది. క్షమించమని అడుగుదామని నేను రైల్లో మూడు వాక్యాలు తయారు చేసుకున్నాను. ఒకటీ చెప్పనివ్వలేదు.

"సచ్చిపోతాననీసినారు గదమ్మా మీరు. ఉప్పు మానీసినాను, ఎండు సేపలు మానీసినాను, అది పోనీ. పోయీముందు కడుపులో ఉంచుకోడమెందుకని మా తోడికోడల్ని పిలిసి, ఇరవయ్యేళ్ల నుంచి దాసుకున్నదంతా మొకం మీద కడిగీసినాను. దాని వొంట, దాని బుద్ది, దాని కొడుకు, అంతా. ఇప్పుడేటి, బతికే ఉన్నాను. ఒకటే వాకిలి. పొద్దున్న లెగిస్తే దాని మొకమే సూడాల. దీనికేటి మందిస్తారు మీరు?"

దీనికి మా కంపెనీ దగ్గర మందు లేదు. కాగితం ఇమ్మన్నాం. ఇచ్చింది. "ఈ పాలి రాసీటప్పుడు పక్కింటోళ్ల పేరు రాయకండి," అంది. తోడికోడలు పక్కింట్లోంచి గిన్నె ఒకటి గట్టిగా కింద పెట్టింది.

అప్పలసూరి పల్లె అక్కడికి రెండు మైళ్లు. ఇంట్లో లేడు. భార్య గౌరి చెప్పింది. భోగాపురం విమానాశ్రయం పనిలో సెంట్రింగు కట్టడానికి వెళ్లి పద్దెనిమిది రోజులయ్యిందట. ఫోను నీళ్లలో పడిందట. వెళ్లినప్పుడు బాగానే ఉన్నాడా అని ధనలక్ష్మి అడిగింది.

"బాగానే ఉన్నాడు. నడుం నొప్పొకటే. దానికి బిళ్లలేసుకుంటాడు. పొద్దుటొకటి, సాయంత్రమొకటి. పని ఎక్కువుంటే ఇంకోటి."

నొప్పి బిళ్లలు కిడ్నీకి ఏం చేస్తాయో మా అమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. ధనలక్ష్మికీ తెలుసు. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు.

జులై 27, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ధనలక్ష్మి మొదటి బస్సుకే విజయనగరం వచ్చేసింది. అమ్మ ఇద్దరికీ పులిహోర కట్టి ఇచ్చింది. భోగాపురంలో గేటు దగ్గర లోపలికి వదల్లేదు. మధ్యాహ్నం కూలీలంతా రోడ్డు పక్క టీ కొట్టుకి వస్తారని చెప్తే అక్కడే బల్ల మీద కూర్చున్నాం. రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఆవిడ నాతో మాట్లాడింది ఒకే ముక్క, "మీ అమ్మగారు పులిహోరలో ఇంగువ బాగా ఏస్తారు."

ఒంటి గంటకి వచ్చేడు. ధనలక్ష్మే గుర్తుపట్టింది. ముందు అతని మొహం చూడలేదావిడ, పాదాలు చూసింది. హవాయి చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగిపోయి ఉన్నాయి.

"కాళ్లు ఉబ్బినాయేటి అప్పలసూరీ?"

"రోజల్లా నిలబడితే ఉబ్బవేటండి? మీరా, ఆ రోజు రక్తం తీసినోళ్లు. పాడైపోనాదన్నారు గదా. నా రక్తం పాడవడమేటి అని నవ్వుకున్నాం."

నేను చెప్పేను. రక్తం పాడవలేదు, మెషీన్ మీ కాగితం మీద వేరేవాళ్ల పేరు కొట్టింది, మీ కిడ్నీలు బాగాలేవు, ఇప్పుడే ఆస్పత్రికి రావాలి. పక్కనున్నవాళ్లు టీలు ఆపేసి చూస్తున్నారు.

"మెషీన్ తప్పు సేసినాదా, మీరు సేసినారా?"

"నేను చేసేను."

"మరైతే ఇప్పుడు సెప్పీది నిజమని ఏటి గ్యారంటీ?"

నాలుగేళ్లలో నా కోడ్ గురించి ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న ఇదొక్కటే.

ధనలక్ష్మి జగ్గమ్మ ఇచ్చిన కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. "నన్ను నమ్ము. అడుగున సూడు, నలభై ఒకటి. నీ ట్యూబు మీద ఆ అంకె అంటించింది నాను. రెండుసార్లు గుచ్చినాను, నువ్వు తిట్టినావు, గుర్తుందా? పేరు వేరే రాసినారుగానీ ఈ రక్తం నీదే."

"ఆరు పాయింటు రెండు. ఎక్కువా?"

"ఒకటి ఉండాల."

అతను ఇంక నవ్వలేదు. చొక్కా జేబులోంచి బిళ్లల పట్టీ బయటికి కనిపిస్తోంది. ధనలక్ష్మి దాన్ని లాగేసి టీ కొట్టు పొయ్యిలో పడేసింది. "రోజు కూలీ పోతాది," అన్నాడు చిన్నగా. "పోనీ," అంది. ఆటో పిలిచింది.

జులై 28, సోమవారం

7.4. ఈసారి కాగితం మీద అతని పేరే ఉంది. వేరే ఆస్పత్రి, వేరే మెషీన్.

డాక్టరు గారు గౌరితో చెప్పేరు: కిడ్నీలకి ముందే జబ్బు ఉంది, ఈ బిళ్లలు దాన్ని తోసేసేయి. ఇంకో పదిరోజులు వేసుకుని ఉంటే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. బిళ్లలు ఆపితే కొంత వెనక్కి రావచ్చు, చూద్దాం. గౌరి నన్ను చూపించి "ఈవిడే ఎతుక్కుంటా వచ్చినారండి," అంది. డాక్టరు గారు నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూంటే అడ్డుపడలేదు. రెండు నిమిషాలు ఆ మెప్పు అనుభవించి, అప్పుడు చెప్పేను, వెతుక్కోవాల్సిన పరిస్థితి తెచ్చింది కూడా నేనేనని. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గౌరి ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

జులై 29, మంగళవారం

ల్యాబుకి రెండో లెటర్ రాసేను. తప్పు సాఫ్ట్‌వేర్‌ది, రాసింది నేను, ధనలక్ష్మి ఆ రోజే ఫోన్లో తేడా పట్టుకుని చెప్పింది, నేను పట్టించుకోలేదు. "సాంకేతికంగా" అన్న మాట ఎక్కడా వాడలేదు. అది లేకుండా ఉత్తరం మరీ పొట్టిగా వచ్చింది.

మురళీమోహన్ గారు చదివి కుర్చీలో కూలబడ్డారు.

"ఇది పంపితే మనం బోర్డు దించుకోవాలి."

"పొద్దున్నే పంపేసేనండి. మీకిచ్చింది కాపీ."

"కాపీ చెయ్యడం ఇప్పుడు నేర్చుకున్నావన్నమాట," అన్నారు. ఆయన జోకులు వెయ్యగలరని నాకు తెలీదు. తర్వాత చాలాసేపు అరిచేరు. తలుపు వెయ్యడం కూడా మర్చిపోయేరు, కింద చెప్పుల షాపువాళ్లు పైకొచ్చి చూసి వెళ్లేరు. కానీ ఉద్యోగంలోంచి తియ్యలేదు. నన్ను తీసేస్తే ఆ కోడ్ ఇంకెవరికీ అర్థం కాదు. ఇన్నాళ్లూ చెత్తగా రాసినందుకు దక్కిన లాభం.

మిగతా ల్యాబులు ఏడింటికీ ఆయనే ఫోన్లు చేసేరు, మెషీన్ వాడకం ఆపమని. ఏడింటికీ చేసేరు, ఒక్కటీ వదల్లేదు. అది రాసుకోవాలి.

ఆగస్టు 4, సోమవారం

అప్పలసూరికి 4.3. డయాలసిస్ ఇప్పుడప్పుడే అక్కర్లేదన్నారు. సెంట్రింగు పని మాత్రం ఇంక చెయ్యకూడదన్నారు. ముప్పై తొమ్మిదేళ్లు. ఇంకేం పని వచ్చో అతను ఆలోచించుకుంటున్నాడు. నేను మంచం పక్కన నిలబడితే "కూకోండి" అన్నాడు. కూర్చున్నాను.

ధనలక్ష్మిని ల్యాబువాళ్లు మళ్లీ రమ్మన్నారట. వెంటనే ఒప్పుకోలేదట. ఆ మెషీన్‌ని నా కళ్లతో చూసేకే వస్తాను అందిట.

ఆగస్టు 6, బుధవారం

ఫంక్షన్ మొత్తం తీసేసి కొత్తగా రాసేను. ఇప్పుడు నా దగ్గర పలకే లేదు. ఎవరికి పేరు కావాలో వాళ్లే తమ చోటు తెచ్చుకోవాలి, అది ఎంత పెద్దదో చెప్పాలి. పేరు అందులో రాసేసి నేను తప్పుకుంటాను. ఆ తర్వాత అది వాళ్లది, దాచుకుంటారో తుడుచుకుంటారో వాళ్లిష్టం. చోటు చాలకపోతే సగం పేరు రాయను, అసలు రాయను, ఎంత కావాలో చెప్తాను. చోటు తెచ్చింది ఎవరో, వదలాల్సింది ఎవరో, కామెంటులో పదకొండు లైన్లు. మురళీమోహన్ గార్ని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించేను. ఎనిమిదో లైను దగ్గర "ఇది ముందే రాసి ఉంటే" అన్నారు. తొమ్మిదో లైను చదవండి అన్నాను.

ఆగస్టు 9, శనివారం

ధనలక్ష్మి వచ్చింది. మంచినీళ్లు ఇస్తే వద్దంది. సంచీలోంచి అరవై ట్యూబులు తీసింది. రక్తం కాదు, కుంకుమ కలిపిన నీళ్లు. ఇంటి దగ్గరే తన చేత్తో అరవై పేర్లు నోటుబుక్కులో రాసుకుని తెచ్చుకుంది. వాళ్ల వీధిలో వాళ్లవీ, చుట్టాలవీ, ఎవరివి పడితే వాళ్లవి. ఆవిడ రాసిన లిస్టు మెషీన్‌లోకి ఎక్కించేను.

"ఎంత గబగబా పెట్టొచ్చు?" అంది.

"ఎంతైనా."

"సూద్దాం."

పెట్టింది. అంత వేగంగా ఎవరూ పెట్టరు. కాగితం రావడానికి ముందే రెండు, మూడు, ఒక్కోసారి ఐదు. ముందుకీ వెనక్కీ మార్చి పెట్టింది. మురళీమోహన్ గారు కిటికీ దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నారు. కాగితాలన్నీ వచ్చేక ఆవిడ నేల మీద కూర్చుని, ఒక్కొక్కటీ తీసి అడుగున అంకె చూసి, పేరు పైకి చదివి, నోటుబుక్కులో టిక్కు పెట్టింది. ముప్పై ఆరు దాకా సరిగ్గా ఉన్నాయి. ముప్పై ఏడు దగ్గర ఆగింది.

"ఇందులో పేరు లేదు."

కాగితం తీసుకుని చూసేను. పేరు ఉండాల్సిన చోట: పేరు పట్టలేదు, చోటు 64, కావలసినది 84.

నోటుబుక్కులో ముప్పై ఏడు: వెంకట సత్యసూర్య నాగలక్ష్మణమ్మ.

"మా మేనత్త," అంది ధనలక్ష్మి. "ఇదేటి మరి, తప్పా?"

"పేరు పొడుగండి. మెషీన్‌లో తెలుగు అక్షరానికీ గుణింతానికీ మూడేసి గళ్లు పడతాయి. మురళీ గారు తెచ్చిన చోటు చాల్లేదు. చాల్లేదని చెప్తోంది."

"వేరేవోళ్ల పేరు రాయకుండా?"

"రాయకుండా."

"సగం కొట్టీకుండా?"

"కొట్టీకుండా."

ఆవిడ ఆ కాగితాన్ని కాసేపు అలాగే పట్టుకుంది. మిగతా ఇరవై మూడూ చదివింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. లేచి చీర దులుపుకుని, ఇందాక వద్దన్న గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది.

"ఆ సోటేదో పెంచమనండి," అంది మురళీమోహన్ గారి కేసి చూడకుండా. ఆయన పరిగెత్తి కుర్చీలో కూర్చున్నారు. పెంచేరు.

ముప్పై ఏడోది మళ్లీ పెడదామని నేను ట్యూబు అందుకోబోతే, నా చెయ్యి పక్కకి తోసింది.

"ఒకటి నుంచీ," అంది.